తల ఎత్తే మృగం

ఆదివారం మధ్యాహ్నం మూడున్నరకి నాన్న చచ్చిపోయాడు.

ఆటలోనే లెండి. అద్దంలో చూస్తూ మృగాన్ని చంపబోయాడు. అద్దంలో దాని కళ్ళు కనబడ్డాయి. కనబడితే ఇక అంతే సంగతులు.

“అద్దంలో చూసినా చస్తామని ముందే చెప్పొచ్చు కదరా!” అని పాచిక బల్ల మీద పడేసి కుర్చీలో వెనక్కి వాలాడు నాన్న.

“ముందే చెబితే అది మృగమెందుకవుతుంది నాన్నా?” అన్నాడు తమ్ముడు.

మిగతావాళ్ళకి ఆటే గానీ, తమ్ముడికి మాత్రం ఇది చావో రేవో. ఊహాలోకపు ఆటల పుస్తకాలు వేసే కంపెనీలో పదకొండేళ్ళుగా ఇంకొకరు రాసినదానికి అచ్చుతప్పులు దిద్దుతున్నాడు. ఒక్క పేజీ మీదైనా తన పేరు చూసుకోవాలని ఆశ. ఇదివరకు రాసిచ్చిన రెండు మృగాలనీ ఎడిటరమ్మ తిప్పికొట్టింది.

“మీ ఇంట్లోవాళ్ళే అరగంటలో చంపేస్తుంటే, డబ్బు పెట్టి కొన్నవాళ్ళు ఊరుకుంటారా? ఈసారి మీ మృగం గంటసేపు బతికి, ఆడినవాళ్ళ సంతకాలతో వస్తే అచ్చేస్తాను. లేదంటే ఇక ఆ అచ్చుతప్పులే చూసుకోండి,” అని తేల్చి చెప్పేసింది. ఆ రెండు మృగాలనీ చంపింది సొంత అక్కే.

అందుకే ఈసారి పాత గ్రంథాలు తిరగేసి, మధ్యయుగాల నాటి కాటోబ్లెపాస్‌ని పట్టుకొచ్చాడు. ఎనుబోతు ఒళ్ళు, పంది తల, సన్నటి పొడుగాటి మెడ. తల బరువుకి ఎప్పుడూ నేలచూపులే. దాని కళ్ళు చూసినవాళ్ళు అక్కడికక్కడే చస్తారట. తల ఎత్తదు కాబట్టి లోకం బతికిపోయిందట. తమ్ముడు దాన్ని ఆటకి తగ్గట్టు కాస్త మార్చాడు: అడుగుల చప్పుడు వింటే తల ఎత్తుతుంది. ఆ పేరుకి నోరు తిరగక నాన్న ‘కాటాబెల్లం’ అన్నాడు. ఇంట్లో అదే ఖాయమైపోయింది.

వారం రోజులు కూర్చుని తమ్ముడు ఒక్కో సందూ మూసుకుంటూ వచ్చాడు. అద్దంలో చూసినా చావే. నీళ్ళలో నీడ చూసినా చావే. కళ్ళు మూసుకుంటే అడుగడుక్కీ పాచిక వెయ్యాలి, మూడుకి తక్కువ పడితే తిన్నగా బురదగుంటలోకే.

ఆ ఇంటి ఆటకి నాన్న పెట్టిన నియమం ఒకటుంది. ఉత్తుత్తి గొప్పలు కుదరవు, ఎవరి వీరుడికైనా వాళ్ళ సొంత ఒళ్ళే. అందుకే నాన్న మాంత్రికుడికి మూడు మెట్లెక్కితే ఆయాసం. బావ గుర్రపుయోధుడికి మోకాలి నొప్పి. అక్క యోధురాలికి అచ్చం అక్క నోరే. కత్తి ఇస్తానంటే వద్దంది, కొసకి ఇనుపపొన్ను వేసిన కర్ర చాలంది.

నాన్న తర్వాత బావ దిగాడు. కళ్ళు మూసుకుని బయల్దేరాడు. మూడో అడుగుకి ఒకటి పడింది.

“ఆటలో కూడా నా మోకాలేనా బామ్మర్దీ!” అంటూ బురదలో మునిగిపోయాడు.

గంట పూర్తవడానికి ఇంకా పది నిమిషాలే. తమ్ముడి మొహం చాటంత అయింది. సంతకాల కాగితం తీసి, పెన్ను మూత కూడా విప్పాడు.

“ఆగరా, నేనింకా బతికే ఉన్నాను,” అంది అక్క.

అక్క ఆస్పత్రిలో టెలిఫోన్ ఆపరేటరు. నాలుగొందల నంబర్లు నోటికొచ్చు. ఎదుటివాళ్ళ చేత అన్నీ చెప్పించుకునే దాకా ఊరుకోదు. తమ్ముడు రంగులేసి గీసిన మృగం బొమ్మ అందరి చేతులూ తిరిగి ఆమె ముందుకొచ్చి పడి ఉంది. దాన్ని పక్కకి నెట్టేసింది.

“బొమ్మ సంగతి తర్వాత. మెడ ఎంత పొడుగు?”

“నీ చేతికి రెండింతలు.”

“తల ఎత్తేటప్పుడు చప్పుడేమైనా చేస్తుందా?”

“గుర్రుమంటుంది.”

“అయితే తిన్నగా దాని ముందుకే నడుస్తున్నాను.”

“కళ్ళు మూసుకునా?”

“తెరుచుకునే.”

బావ ఏదో అనబోయి, ఆగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నాన్న కిసుక్కున నవ్వాడు. తమ్ముడు అవేమీ గమనించే స్థితిలో లేడు.

“కళ్ళు తెరుచుకుంటే అడుగడుక్కీ పాచిక అక్కర్లేదుగా?” అంది అక్క.

“అక్కర్లేదు. నీ అడుగులు విన్నది. గుర్రుమంది. తల ఎత్తేసింది.”

“ఆ గుర్రు వినబడ్డచోటికి ఒక మూర కిందగా, మెడ మీద కర్రతో ఒక్కటి ఇచ్చుకుంటున్నాను.”

పాచిక దొర్లించింది. అది ఆగీ ఆగకముందే మీద చెయ్యి వేసి, “ఆరు,” అంది. ఎప్పుడూ అంతే. తొండి అని బావ ఎన్నిసార్లు గొడవపడ్డాడో! చెయ్యి తీశాక చూస్తే ఆరే.

“మెడ విరిగింది. కాటాబెల్లం హరీ!” అని నాన్న ప్రకటించేశాడు. ఇంకా ఏడు నిమిషాలు మిగిలే ఉన్నాయి.

తమ్ముడు కుర్చీ వెనక్కి తోసి లేచాడు. నలభై ఏళ్ళకి దగ్గరపడుతున్నవాడికి నిజంగానే ఏడుపొచ్చింది.

“శుద్ధ తొండి! నువ్వెప్పుడో చచ్చావక్కా! దానికి ఎదురుగా నిలబడ్డావు, కళ్ళు తెరిచే ఉన్నావు, అది తలెత్తింది. అన్ని సందులూ మూసేశాను నేను! నీ ఒక్కదానికే దాని కళ్ళు కనబడకుండా ఎలా పోతాయి?”

అక్క చెయ్యి చాచి, వాడి భుజం తడిమి పట్టుకుని, మెల్లగా కూర్చోబెట్టింది.

“పుట్టిందగ్గర్నుంచీ నాకు నువ్వే కనబడలేదు, ఇక అదేం కనబడుతుందిరా?”