దించిన తల

కళ్ళద్దాల దుకాణంలో ఆ అమ్మాయి పని వచ్చినవాళ్ళ చూపు సరిచూడటం. తన మీద పడ్డ చూపు ఎవరిదో మాత్రం ఆమెకు అంతుచిక్కలేదు.

"ఇవాళ తలస్నానం చేసినట్టున్నావు." "కొత్త చెప్పులు భలే ఉన్నాయి." ఊరూ పేరూ లేని ఖాతా నుంచి రోజూ ఇవే మెసేజ్‌లు. ఒకదాన్ని బ్లాక్ చేస్తే ఇంకోటి పుట్టుకొచ్చేది. "జవాబివ్వకపోతే నీ ఫొటోలు ఎక్కడ తేలతాయో చూసుకో" అన్నప్పటి నుంచి ఆమెకు తిండి సయించడం లేదు.

"పోలీసులకు చెబుతానమ్మా."

"వాళ్ళు వాణ్ణి పట్టుకునేలోపు నలుగురూ నిన్ను పట్టుకుంటారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? ఆ ఫోన్ ఇలా తే. రేపట్నుంచి దుకాణం కూడా వద్దు."

"తప్పు వాడు చేస్తే ఉద్యోగం నాకు పోవడమేంటి?"

తల్లికి వేరే ఉపాయం తట్టింది. పెళ్ళి చేసేస్తే సరి. వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టు పై అంతస్తులోనే సంబంధం దొరికింది.

"మావాడి సంగతి నీకు తెలియందేముంది వదినా" అంది పైఇంటావిడ. "దించిన తల ఎత్తడు. లిఫ్టులో ఆడపిల్ల ఎదురైతే నేలచూపులే."

నిజమే. ఈ రోజుల్లో అలాంటి కుర్రాడు దొరకడమంటే మాటలా? అతని మొహం సరిగ్గా చూసినవాళ్ళే ఆ భవనంలో తక్కువ.

ఆదివారం తల్లీకొడుకులు వచ్చి ముందుగదిలో కూర్చున్నారు. లోపల ఈ తల్లి కూతురి కాళ్ళు చూసి గతుక్కుమంది.

"గోళ్ళకి ఆ ఎర్రరంగేంటే? తుడిచెయ్. అసలే బుద్ధిమంతుడు."

"తల ఎత్తడుగా, ఏం కనబడుతుంది?"

"ఎత్తడు కాబట్టే కనబడుతుంది."

తుడిచేసింది. "పెళ్ళయ్యాక ఉద్యోగం చెయ్యనిస్తారా అని అడుగమ్మా, అదొక్కటి చాలు" అని బతిమాలింది.

తల్లి ముందుగదిలోకి తీసుకొచ్చి కూర్చోబెట్టి, అడిగింది.

"మానేస్తేనే మంచిది వదినా. బయట ఎలాంటివాళ్ళు తిరుగుతున్నారో చూస్తున్నాంగా" అంది పైఇంటావిడ. కుర్రాడు ఒళ్ళోకి చూస్తూనే బుద్ధిగా తల ఊపాడు.

అమ్మాయి కళ్ళనీళ్ళు ఆపుకుంది. తల్లి మాత్రం పొంగిపోయి, "ఇక వాడి పీడ విరగడైనట్టే" అని కూతురి చెవిలో గొణిగింది.

అంతలో ఆవిడ గుప్పిట్లో ఉన్న కూతురి ఫోన్ టింగుమంది: "గోళ్ళరంగు ఎందుకు తుడిచేశావు, ఎరుపే బాగుండేది."