పక్క వ్యాపారాలు

ఇనప రాడ్డు మొదటి దెబ్బ మూతి మీద పడింది. రెండోది వీపు మీద పడేసరికి పాపారావు చెరువు గట్టు మీద మోకాళ్లపై కూలబడ్డాడు. రక్తంతో పాటు పన్నొకటి ఊడి కింద పడింది.

"చెప్పండి పాపారావుగారూ! నా చెరువులో ఏం పోశారు?" అన్నాడు వెంకట్రాజు. ఆకివీడు వైపు మనిషిని చంపేటప్పుడు కూడా 'అండీ' మానరు.

చెరువు నిండా బొచ్చె, శీలావతి చేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలి ఉన్నాయి. ఎండకి అప్పుడే కంపు మొదలైంది.

"మందేనండీ. నీళ్లు పచ్చబడ్డాయన్నారు గదా అని..." మాట ముద్దగా వచ్చింది.

"మీ కంపెనీ మందా?"

"కాదండీ. సొంతంగా... పక్కన చేసుకుంటున్నానండీ."

ముఖాలకి తువ్వాళ్లు చుట్టుకున్న ఇద్దరిలో పొడుగువాడు మళ్లీ రాడ్డెత్తాడు. పాపారావు ముడుచుకుపోయాడు.

"ఇరవయ్యేళ్ల నుంచి చేపల మేత అమ్ముతున్నారు. మీ మాట మీద మేత దించని చెరువు ఈ కొల్లేరు చుట్టుపక్కల లేదు. అది చాలక మా ఆవిడకి ఇన్సూరెన్సు అంటగట్టారు. మా అన్నయ్యకి తాడేపల్లిగూడెంలో స్థలం అంటగట్టారు. ఇప్పుడు మందులు! మీకెన్ని చేతులండీ?"

"పిల్లలు ఎదుగుతున్నారండీ. ఒక్క జీతంతో ఏం సరిపోద్ది? నాలుగు వైపుల నుంచీ రావాలి గదండీ."

నిజమే చెప్పాడు. ఎవరేం అడిగినా లేదనడం, ఎందుకని అడగడం పాపారావు ఒంట్లో లేవు. అమ్మకాల్లో పైకొచ్చింది ఆ గుణంతోనే.

"కుడిచెయ్యి" అన్నాడు వెంకట్రాజు.

పొట్టివాడు ఆ చేతిని మోటారు దిమ్మ మీద అదిమిపెట్టాడు. పొడుగువాడు కొట్టాడు. ఎముక విరిగింది. పాపారావు అరిచిన అరుపుకి గట్టు మీది కొంగలన్నీ లేచిపోయాయి. భార్య సూర్యకుమారి గుర్తొచ్చింది. పిల్లలు గుర్తొచ్చారు. ప్రాణాలతో ఇంటికి చేరితే చాలు, ఇంకేమీ వద్దనుకున్నాడు.

వెంకట్రాజుకి కసి తీరలేదు. చచ్చిన చేపల కేసి చూసేకొద్దీ కళ్లు ఎర్రబడుతున్నాయి.

"చెరువులోకి తోసి తొక్కిపట్టండి. వాటి పక్కనే తేలతాడు."

పొట్టివాడు వంగి పాపారావు కాళ్లు పట్టుకున్నాడు. పొడుగువాడు కదల్లేదు.

"చెయ్యి వరకే అనుకున్నామండీ."

"ఇప్పుడు ప్రాణం తియ్యమంటున్నాను."

"మా అంతట మేం తియ్యకూడదండీ. మమ్మల్ని పంపించినాయన్ని అడగాలి."

"ఎవరాయన?"

"మేమెప్పుడూ చూళ్లేదండీ. అంతా ఫోన్లోనే. మనుషులు కావాలని మీ గుమాస్తా కూడా ఆయనకే ఫోన్ చేశారు. ఆయన ఊఁ అంటే ఊఁ, వద్దంటే వద్దు."

"అయితే అడుగు, తొందరగా!"

పొడుగువాడు రాడ్డు చంకలో పెట్టుకుని నంబరు నొక్కాడు.

పాపారావు జేబులో ఫోను మోగింది; ఎడంచేత్తో తీసి చెవి దగ్గర పెట్టుకుని, "వద్దని చెప్పు నాయనా!" అన్నాడు.