పదో బోల్టు

"లైటు కాస్త ఇటు," అన్నాడు భర్త, వ్యాను ఇంజనులోకి నడుం దాకా వంగి.

ఆమె టార్చి తిప్పింది. షెడ్డంతా కాలిన నూనె వాసన. ఇంజనుకి పైమూతలాంటి సిలిండర్ హెడ్‌ని పట్టి ఉంచే బోల్టులు పది. ఒక్కొక్కటీ పానాకి లొంగే ముందు కీచుమంటోంది. ఊడిన దాన్ని ఊడినట్టే, అట్టముక్కకి పొడిచిన రంధ్రాల్లో వరసగా గుచ్చుతున్నాడు. ఏది ఎక్కడిదో తెలియాలట.

బోల్టుల తలల మీద పసుపు చుక్కలు. ఆఖరి బిగింపు పూర్తయిందనడానికి అది అతడి గుర్తు. చుక్క పడనిదే బోల్టుని నమ్మకూడదని, ఒక్కటి వదులైనా నీళ్లు కారిపోయి ఇంజను కాలుతుందని, తమ్ముడికి పని నేర్పిన రోజుల్లో మొట్టికాయలు వేసి మరీ చెప్పేవాడు. కిందటేడు ఈ షెడ్డులోనే ఒక్కడూ కూర్చుని ఈ ఇంజను కట్టాడు. అప్పటి చుక్కలు వేడినూనెలో నానినా చెక్కుచెదరలేదు.

"చూశావా, ఇదీ నా పని. వాడు నీళ్లు చూసుకోకుండా తోలి తగలేశాడు."

ఆ మాట ఆమెకి కంఠతా వచ్చు. వ్యాను పొగలు కక్కుతోందని మరిది నడిదారి నుంచి ఫోను చేసిన రోజు మొదలు వింటూనే ఉంది. రేడియేటర్‌లో నీళ్లు పోసుకునే బయల్దేరానని అతను ఒట్టు పెట్టుకున్నాడు. అన్న వినలేదు. అబద్ధాలకోరుకి తన ఇంట్లో చోటు లేదని వీధి వీధంతా వినేలా అరిచాడు. పసితనంలోనే తల్లి పోతే వదిన చేతి ముద్దలు తిని పెరిగినవాడు, సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

భర్త చెయ్యి ఆగింది. కాసేపు అలాగే వంగి ఉండిపోయాడు.

"టీ పెట్టు," అన్నాడు తల ఎత్తకుండా.

ఆమె గ్లాసుతో తిరిగొచ్చేసరికి బోల్టులన్నీ ఊడి, హెడ్ బల్ల మీదికి చేరింది. అతను చేతులు తుడుచుకుంటున్నాడు.

"బండి కట్టాక తోలేవాడు కావాలిగా. వాణ్ణి రమ్మను. కానీ వచ్చి, తప్పు తనదేనని నా ఎదుట ఒప్పుకోవాలి. అలాగైతేనే గడప తొక్కమను."

ఆ పూటే ఆమె మరిదికి ఫోను చేసింది.

"చెయ్యని తప్పు ఎలా ఒప్పుకోను వదినా?"

"ఒక్క మాటరా. అనేస్తే గాలికి పోతుంది. నా మొహం చూసైనా అను."

మరిది వచ్చేసరికి లేత్ షాపులో హెడ్ అడుగు చదును చేయించడం అయిపోయింది. అన్నని పలకరించకుండానే పనిలో కూర్చున్నాడు. వాల్వులకి పేస్టు పూసి, పుల్లని అరచేతుల మధ్య కవ్వంలా తిప్పుతూ, వాటిని గూళ్లలో అరగదీశాడు. మధ్యలో అట్టముక్క మీద అతని చూపు పడింది.

"ఇక్కడొకటి లేదేం?"

"మీ వదిన చీపురుకి బలైపోయింది. పోనీ, ఎలాగూ కొత్తవేగా వేసేది."

ఆమె గతుక్కుమంది. పొద్దున షెడ్డు ఊడ్చిన మాట నిజమే. బల్ల కింద మోకాళ్ల మీద పాకింది, చెత్తబుట్ట బోర్లించింది. దొరకలేదు. అజాగ్రత్తలో మీరిద్దరూ ఒక్కటేనన్నాడు భర్త.

నీళ్లు కారకుండా మధ్యన గాస్కెట్ రేకు పరిచి, హెడ్ దించారు. బోల్టుల్ని మధ్య నుంచి అంచులకి, విడతలు విడతలుగా బిగించాలి. చివరి విడత మొదలుపెట్టేముందు భర్త తన ఫోనుతో సహా అందరి ఫోన్లూ ఇంట్లో పెట్టించాడు. అయ్యేదాకా ఎవరూ పిలవొద్దన్నాడు. చుక్క పెట్టిన ప్రతి బోల్టునీ వేలితో తాకి, మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాడు.

"ఇంత చాదస్తం కిందటేడు లేదే అన్నయ్యా," అని నవ్వాడు మరిది, వచ్చాక మొదటిసారి.

భర్త నవ్వలేదు. "ముందు ఆ మాట చెప్పు."

మరిది వదిన వైపు చూశాడు. ఆమె కళ్లతోనే బతిమాలింది.

"నీళ్లు చూసుకోలేదు. తప్పు నాదే."

"మరి పెట్టుకున్న ఒట్టు?"

"అబద్ధం."

"సరే, తమ్ముడివి గనక వదిలేస్తున్నా. ఇకమీదట తాళం నా దగ్గరుంటుంది. రోజూ అడిగి తీసుకో."

ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. మరిది నూనె చేతులు కడుక్కుని భోజనానికి కూర్చున్నాడు. కంచంలోంచి తల ఎత్తలేదు. వదిన మారు వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. పోనీలే, నాలుగు రోజులు పోతే అన్నీ సర్దుకుంటాయి, ఇల్లు ఒకటైంది, అంతే చాలుననుకుంది ఆమె.

మర్నాడు భర్త పని ప్యాంటు సబ్బునీళ్లలో ముంచబోతూ జేబులు తడిమింది. బరువుగా ఏదో తగిలింది. తీసి చూస్తే, పోయిన బోల్టు. తన చీపురు తప్పేం లేదన్నమాట. మనసు తేలికపడింది. ఇద్దరికీ చూపించి నాలుగు దులపాలని, కొంగుతో దాని నూనె తుడుస్తూ షెడ్డు వైపు రెండడుగులు వేసి ఆగిపోయింది.

తలమీద చుక్క లేదు.