కళింగర పండ్ల గోల్‌కీపర్

తప్పులుంటే మన్నించండి, నా రాత నిదానం.

నంద్యాలలో ఫుట్‌బాల్ ఆట ముగియవచ్చింది. మా ఆళ్లగడ్డ ఒక గోల్ ముందుంది. కోచ్ ఓబులేసు మాత్రం గోల్స్ కొట్టే నా మనవరాలిని గోల్‌కీపర్‌ను చేశాడు.

"ఏం కోచ్‌వప్పా నువ్వు? గోల్ కొట్టకుంటే పేపర్లో పిల్ల పేరు యాడొస్తాది? నేను చదువు నేర్చుకునిందే దానికి!"

"లారీ దించేటప్పుడు నువ్విసిరిన కళింగర పండు ఒక్కటన్నా కింద పడేసిందా అవ్వా, ఆ పిల్ల?"

మాది కళింగర పండ్ల అంగడి, పుచ్చకాయలంటారే, అవే. అంతలో బంతి దూసుకొచ్చింది.

"పండొస్తాంది, పట్టుకోవే!" అని అరిచాను.

పిల్ల ఎగిరి బంతిని గుండెకు హత్తుకుంది. గెలిచాం!

నంద్యాల వాళ్లు పిల్లను తమ టీముకు అడిగారు.

"మా గోల్‌కీపర్‌ను ఇయ్యం, పోండప్పా!" అన్నది నేనే.

మర్నాడు మీ పేపరంతా వెతికాను. గోల్ కొట్టిన పిల్ల పేరే ఉంది. అందుకే నేనే రాస్తున్నాను: గోల్‌కీపర్ ముబశ్శిరా.

బీజాన్, అరవై ఏడేళ్లు, ఆళ్లగడ్డ.