జాబితాలోని ఫ్యాను

ఆఫీసరు రేడియో మీట తిప్పగానే దెలియా పడగ్గది తలుపు వైపు చూసింది. వస్తువులు లెక్కపెట్టి, సంతకం చేసి వెళ్లిపోతాడనుకుంది. ఈయన ఒక్కొక్కటీ పనిచేస్తోందో లేదో చూసేటట్టున్నాడు.

రేడియోలో ఎవరిదో ఉపన్యాసం మొదలైంది. ఆఫీసరు కాగితం మీద టిక్కు పెట్టి ఫ్రిజ్ దగ్గరికి నడిచాడు.

దేశం విడిచి పోతామని దరఖాస్తు పెట్టిననాడే ఇంటినీ, చెంచాలతో సహా అందులో ఉన్నవన్నిటినీ ప్రభుత్వం జాబితాకెక్కించింది. ఆనాటి నుంచి అవి వాళ్లవి కావు. వెళ్లేముందు రాసినవి రాసినట్టు అప్పజెప్పాలి. ఒక్కటి తగ్గినా, చెడినా ప్రయాణం రద్దే. మయామీ విమానం రేపు పొద్దున. ఆ విమానం ఎక్కనివ్వడానికి ప్రభుత్వం పెట్టిన షరతుగా దెలియా మొగుడు ఫెర్మీన్ రెండేళ్లు ప్రభుత్వ పొలాల్లో చెరుకు నరికాడు. మరి పడగ్గదిలోని టేబుల్ ఫ్యాను మొన్న సాయంత్రం తిరుగుతూ తిరుగుతూ ఆగిపోయింది. ఫెర్మీన్ మూడుసార్లు విప్పి బిగించినా దానికి ఉలుకూ పలుకూ లేదు.

ఇది చాలదన్నట్టు సాక్షిగా కాందిదా వచ్చింది. ఎదురిల్లే ఆమెది. వీధిలోవాళ్ల మీద ప్రభుత్వం తరఫున కన్నేసి ఉంచే వీధి కమిటీకి అధ్యక్షురాలు. ఒకప్పుడు దెలియా ఆమెను నోరారా అక్కా అని పిలిచేది. దరఖాస్తు పెట్టాక ఆ పిలుపు పోయింది. దేశం వదిలిపోయేవాళ్లను పురుగులంటారు హవానాలో. కాందిదా ఆ మాట వీధంతా వినబడేలా అంటుంది.

"పురుగులు కాపురమున్న ఇల్లు కామ్రేడ్, మూలమూలా చూడండి" అని ఆఫీసరుకు చెప్పి, తనూ వెతుకులాటలో పడింది. గోడలు వేళ్లతో కొట్టి చూసింది. ముందుగదిని ఈ చివరి నుంచి ఆ చివరికి అడుగులతో కొలిచింది. స్నానాలగదిలో కుళాయి విప్పి, ధార ఎంత లావుగా వస్తోందో నిలబడి మరీ చూసింది. గోడలో బంగారం దాచామనుకుంటోంది కాబోలు అనుకుంది దెలియా. పిల్లికి చెలగాటం, ఎలక్కి ప్రాణసంకటం.

"వానొస్తే వంటింట్లో కారుతుందా?" అని అడిగింది కాందిదా.

కారదని చెప్పింది దెలియా. దీన్లో ఏ తప్పు పడుతుందోనని భయపడుతూనే చెప్పింది.

ఆగస్టు ఉక్క. ఆఫీసరు చొక్కా వీపుకు అతుక్కుపోయింది. కాఫీ తాగి కాస్త సేదతీరండని దెలియా బతిమాలింది. ఈ నెల రేషన్ కోటాలో మిగిలింది ఆ ఒక్క కప్పే. ఆయన వద్దన్నాడు.

"కాఫీ ఎందుకమ్మా, కాస్త ఫ్యాను వేయండి" అన్నాడు.

దెలియా కదల్లేదు. ఫెర్మీన్ నేలచూపులు చూశాడు. ఆఫీసరే పడగ్గదిలోకి వెళ్లి మీట నొక్కాడు. మళ్లీ నొక్కాడు.

"కరెంటు పోయిందేమో" అన్నాడు ఫెర్మీన్. ముందుగదిలో రేడియో ఉపన్యాసం చక్కగా సాగుతూనే ఉంది.

ఆఫీసరు జాబితా పైకెత్తి చదివాడు. "టేబుల్ ఫ్యాను ఒకటి. పనిచేయుచున్నది. కింద సంతకం మీదే కదా?" కలం మూత పెట్టేశాడు. "అయితే రేపటి ప్రయాణం లేదు."

ఫెర్మీన్ మంచం అంచున కూలబడ్డాడు. కాయలు కాచిన అరచేతులు మోకాళ్ల మీద పెట్టుకుని వాటినే చూస్తూ ఉండిపోయాడు. 

"ఆగండి కామ్రేడ్" అంది కాందిదా గుమ్మంలోంచి. "ఆ ఫ్యాను నాది."

అందరూ అటు తిరిగారు.

"మొన్న కమిటీ మీటింగులో నా ఫ్యాను చచ్చింది. జనం ఉడికిపోతుంటే వీళ్లది పట్టుకుపోయి, నాది ఇక్కడ పడేశాను. రెండూ ఒకేరోజు ఒకే కొట్లో కొన్నవి లెండి. ఎందుకు తీసుకెళ్లావని ఈ పురుగు నన్ను అడుగుతుందా?"

"నిజమేనా అమ్మా?" అన్నాడు ఆఫీసరు.

దెలియా కాందిదా వైపు చూసింది. ఔనంటే ప్రభుత్వానికి అబద్ధం చెప్పినట్టు. అది చెప్పించి, ఆ వెంటనే పట్టివ్వడానికే ఈ ఎత్తు వేసిందేమో. కాందిదా మొహంలో ఏమీ తెలియడం లేదు. కాదంటే మాత్రం విమానం లేదు.

"నిజమేనండి" అంది దెలియా. 

కాందిదా ఎదురింటికి వెళ్లి, చంకలో ఫ్యానుతో తిరిగొచ్చింది. అదే ఆకుపచ్చ రంగు, అవే మూడు రెక్కలు. మీట నొక్కగానే గిర్రున తిరిగి దుప్పటి అంచు ఎగరగొట్టింది. ఆఫీసరు దాని ముందు కాసేపు కళ్లు మూసుకుని నిలబడ్డాడు. తర్వాత కలం మూత తీసి ఆఖరి టిక్కు పెట్టాడు. వీధి తలుపుకు ఇప్పుడే సీలు వేయాలి, ఈ రాత్రికి ఎక్కడైనా తలదాచుకోండని చెప్పి, పెట్టె తీసుకుని బయటికి రమ్మన్నాడు. ఫెర్మీన్ పెట్టెతో ఆయన వెంట వెళ్లాడు.

గదిలో ఆడవాళ్లిద్దరే మిగిలారు. దెలియాకు ఏడుపు ఆగలేదు. ఇన్నాళ్లూ ఈ మనిషిని తిట్టుకోని పూట లేదు. అమెరికా సరుకు రావడం ఆగిపోయాక అలాంటి ఫ్యాను ఈ ఊళ్లో ఏం పెట్టినా దొరకదు. అలాంటిది, ఇంత ఉక్కలో, ఒక పురుగు కోసం వదిలేసుకుంది. దెలియా ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"అక్కా, నిన్ను ఎన్ని మాటలనుకున్నానో. మా కోసం ఫ్యాను పోగొట్టుకున్నావు. ఈ మేలు చచ్చినా మరవను."

కాందిదా చేతులు విడిపించుకుంది. వెళ్లి కిటికీ తలుపులు మూసి, గొళ్లెం గట్టిగా ఉందో లేదో లాగి చూసింది.

"పోవడమేంటే పిచ్చిదానా? జాబితాలో ఉన్నవన్నీ ఇంటితోపాటే ఉంటాయిగా. ఆదివారం పెళ్లయ్యాక మా అమ్మాయి కాపురం పెట్టేది ఈ ఇంట్లోనే."