పడవ అడుగున ఏడో రంధ్రం

నీళ్లు దమయంతి మోకాళ్లు దాటాయి. కోనసీమ మునిగాక అందరి ఇళ్లూ పడవలే. దమయంతీ ఆమె అత్తా ఉండే పడవ ఇంకో గంటలో మునిగేలా ఉంది.

"వాడిన నీళ్లు పోవడానికి అడుగున ఉన్న ఆరు రంధ్రాల వాల్వులూ మూసేశానమ్మా. నీళ్లు రావడానికి వేరే దారి లేదు," అంది ఇల్లు, గోడలోని స్పీకర్లోంచి.

"వంటింటి వాల్వు నువ్వే వదిలేసుంటావు," అని మంచం మీది నుంచి అత్త వెంకాయమ్మ కోడల్ని దెప్పింది. "గట్టు మీద పెరిగినదానివి, పడవ సంగతి నీకేం తెలుసు?"

దమయంతి ఆరు వాల్వులనూ చేత్తో తడిమింది. అన్నీ బిగిసే ఉన్నాయి. తానైతే ఒడ్డుకు ఈదగలదు. నడవలేని అత్తను మోస్తూ ఈదలేదు.

అంతలో పూజ గదిలోంచి ఒక మారేడు ఆకు వేగంగా తేలుతూ వచ్చింది. అంటే నీళ్లు అటు నుంచే వస్తున్నాయి. దమయంతి పరుగెత్తి, నీళ్లు ఉబుకుతున్న దేవుడి పీఠం కింది పలక పీకింది. అక్కడ ఇంటికి తెలియని ఏడో రంధ్రం ఉంది. దాని ప్లాస్టిక్ వాల్వు పగిలి నీళ్లు ఎగజిమ్ముతున్నాయి. చెక్క బిరడా పెట్టి రోకలితో దిగ్గొట్టింది. నీళ్లు ఆగాయి.

"దీన్ని ఎవరు పెట్టించారమ్మా? నమోదు చేసుకోవాలి," అంది ఇల్లు.

దమయంతి అత్త వైపు చూసింది.

"శివుడి అభిషేకం నీళ్లు అంట్ల నీళ్లలో కలవకూడదని వేరే రంధ్రం..." అని వెంకాయమ్మ ఇంటితో అంది. "రాసుకో. పెట్టించింది కోడలు కాదు, వెంకాయమ్మ."