గుండెకు చేతిపని

"నా గుండెకాయ మీద మిషన్‌ను వాలనిచ్చేది లేదు. అంతే!"

నంద్యాల ఆసుపత్రిలో ఆ వార్డు వార్డంతా ఉలిక్కిపడింది. అరిచింది ఆళ్లగడ్డ శిల్పి మౌనేశ్వరాచారి. పేరులో ఉన్న మౌనం ఆయన నోటికి ఎన్నడూ అంటలేదు. గుండె కవాటం పాడైంది, ఈ వారంలో ఆపరేషన్ చేయకపోతే ప్రాణానికే ముప్పు అని చెప్పినా గొంతు మాత్రం తగ్గలేదు.

రోబోతో ఆపరేషన్లు చేసే డాక్టర్ వాణి ఓపిగ్గా చెప్పింది. "పక్కన నాలుగు చిన్న రంధ్రాలు పెడతాం, అంతే. రొమ్ము ఎముక కోసే పని లేదు. తొందరగా లేచి తిరుగుతారు."

"రంధ్రాలు పెట్టేదానికి నేనేమన్నా పిల్లనగ్రోవినా తల్లీ?"

"మిషన్ దానంతటది కోయదు పెద్దాయనా. దాన్ని నడిపేది నేనే."

"టీవీలో చూసుకుంటా కోస్తారంట గదా! అదేం పనితనం?"

కూతురు హేమలత తల పట్టుకుంది. శిల్పాల కొట్టు లెక్కలన్నీ చూసుకునేది ఆమే. ఆమెకు ఏడుపూ వస్తోంది, కోపమూ వస్తోంది. "నాయనా, నొప్పి తక్కువంటాండారు గదా. మొండికి పోవాకు."

"నువ్వూరుకో పాపా. మిషన్ చేసిన పనిలో జీవముంటాదా? చేతిపని చేతిపనే. చేత్తో కోసే డాక్టరు యాడుండాడో పిలిపియ్యి."

పిలిపించారు. పెద్ద డాక్టర్ రాజశేఖర్ వచ్చి, సంగతి విని మురిసిపోయాడు. రోబో వచ్చినప్పటి నుంచి అందరూ దానికే ఎగబడుతున్నారు. ఏరికోరి తన కత్తినే అడిగే రోగి దొరకడమంటే మాటలా! మంచం పక్కనే కూర్చుని ఆచారి చేయి పట్టుకున్నాడు.

"పనివాడు కాబట్టి పని విలువ తెలిసింది మీకు. నాకూ చేతిపనంటే ప్రాణం ఆచారిగారూ. ఏది చేతిదో, ఏది మిషన్‌దో చూడగానే చెప్పేస్తా. ఈ కళ్ళు మోసపోవు."

"అద్గదీ!" ఆచారి కూతురి వైపు గర్వంగా చూశాడు. "రేపే కోసేయండి సార్!"

"అసలు మా ఇంటి ముందున్న నంది మీ కొట్లోదే. పోయినేడు కొన్నా. ఆ మెడలో గంటలు, ఆ మూతి నునుపు... ఒక్కో ఉలి దెబ్బా నాకు కనపడుతుంది! రోజూ పొద్దున దాన్ని ఓసారి తడిమి వచ్చాకే కత్తి పట్టుకుంటా."

ఆచారి ముఖంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. ఆపరేషనంటే భయం కాబోలు అనుకుని డాక్టరు ఆయన భుజం తట్టి, రేపటికి అంతా సిద్ధం చేయమని నర్సుకు చెప్పి, హుషారుగా వెళ్ళిపోయాడు.

"ఏమైంది నాయనా? నొప్పిగా ఉందా?" హేమలత కంగారుగా వంగింది.

ఆచారి ఆమె చెవిలో గుసగుసలాడాడు. "ఆ నంది మన షెడ్డులో కంప్యూటర్ మిషన్ చెక్కిందే గదమ్మా! అది కనపడని కండ్లతో నా గుండె కోస్తాడంట... పో, బేగా పోయి ఆ రోబో డాక్టరమ్మను పిల్చకరాపో!"